తూర్పు దిక్కు కిటికీ

వంటింటికి కిటికీ వద్దన్నాడు దశరథ. అంత మాట అనేసి, ఏమీ ఎరగనట్టు కంచంలో అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడంటే ఆ మనిషి గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే.

వడ్డిస్తున్న మీనాక్షి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమన్నవు?"

"కిటికీ తాన పెద్ద అల్మారా పెట్టిద్దాం. కింది నుంచి మీది దాంక. సామాన్లన్నీ అండ్లనే పడతయ్."

"కిటికీ మూసేసి?"

"మూసుడు కాదే. అల్మారా వస్తది, గంతే."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దశరథ చెడ్డవాడు కాడు. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల మోతలో పుట్టి పెరిగాడు. తండ్రి పగలనకా రాత్రనకా పవర్‌లూమ్ ముందు నిలబడటం చూసి, తాను అలా నిలబడనని పట్టుబట్టి డిప్లొమా చదివి, హజీరాలో ఒక ఉక్కు కంపెనీలో సూపర్‌వైజరయ్యాడు. తాగడు, పేకాడడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. కానీ నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలన్న యావ ఒకటుంది చూశారూ, అదొక్కటీ ఉంటే చాలు, మిగతా మంచితనమంతా గంగలో కలవడానికి. అదే ఊళ్లో అడాజన్‌లో ఫ్లాటు కొన్నాక అది బాగా ముదిరింది.

ఆ ఫ్లాటు కొన్నదే కిటికీ కోసం. ఈ సంగతి దశరథకి తెలియదని కాదు. దలాలు వెంట ఎన్ని ఇళ్లు తిరిగారో! అందరూ హాలు చూస్తే, బాల్కనీ చూస్తే, మీనాక్షి మాత్రం చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి పోయేది. ఆ ఇంట్లో వంటింటికి తూర్పు దిక్కున వెడల్పాటి కిటికీ ఉంది. పొద్దుటి ఎండ గట్టు మీద పరుచుకుని ఉంది. కిందకి చూస్తే సొసైటీ వాళ్ల తోట, బెంచీలు, ఎవరో ముసలాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. మీనాక్షి ఆ వెలుగులో కాసేపు నిలబడి, "గిదే తీసుకుందాం" అంది. హాలు చూడనేలేదు.

చూడదు మరి! పెళ్లయి లింబాయత్‌కు వచ్చిన నాటి నుంచి ఆమె వంట చేసింది కిటికీ లేని గదిలో. ముందు గది దాటి వెనక్కి పోతే గుహలాంటి గది, పట్టపగలు బల్బు వెయ్యాలి. తాలింపు వేస్తే ఆ ఘాటు అక్కడక్కడే తిరిగి తిరిగి ఆమె కళ్లలోకే వచ్చేది. ఎండాకాలంలో రొట్టెలు కాల్చి బయటికొస్తే నూతిలోంచి పైకి తీసినట్టు ఉండేది ఆమె ఒళ్లు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో వంట చేస్తూ ఆమె ఏనాడూ చూసింది లేదు. ఎవరైనా తడిసి లోపలికొస్తే, ఓహో వానా, అనుకునేది.

అటువంటి మనిషిని పట్టుకుని కిటికీ వద్దంటాడు!

"ఎందుకు?" అంది మీనాక్షి. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

దశరథ నీళ్లు నమిలాడు. చివరికి చెప్పాడు. "కిటికీ కిందనే తోట. పొద్దు మాపు సొసైటోళ్లంత అండ్లనే కూసుంటరు. మనం చేపల కూర వండితే వాసన సీదా ఆళ్ల ముక్కులకు పోతది."

"పోతే?"

"పోతే అంటవేందే! మేం ప్యూర్ వెజ్ అని చెప్పిన."

"ఎవరికి?"

"సెక్రటరీకి. జయంతిభాయికి. కొనే ముందు ఆయన అడిగిండు. దలాలు ముందుగాల్నే చెప్పి పెట్టిండు, గట్ల అంటేనే పని అయితదని. అన్న. ఒక్క మాటే కదా!"

మంచం మీద కూర్చున్న దశరథ తల్లి నర్సవ్వ ఈ మాటకి తలెత్తింది. "ఎవలురా వెజ్జు?"

"మనమే అమ్మా."

"మరి గదేంది?" అంటూ కొడుకు కంచంలోని ఎండురొయ్యల కూరను వేలు పెట్టి చూపించింది ముసలామె.

దశరథ ఆ కూరను అన్నంలో గబగబా కలిపేశాడు, కలిపేస్తే కనబడకుండా పోతుందన్నట్టు. ఐతారం ఐతారం లింబాయత్ వద్దామన్నాడు. చెల్లెలు ఇక్కడే ఉంటుంది, దాని ఇంట్లో చేపలు వండుకుని తృప్తిగా తిని పోదామన్నాడు. ఎప్పుడైనా మనసు పడితే కొత్తింట్లో ఒక ఎండుచేప వేయించుకున్నా, కిటికీ లేకపోతే ఎవరికీ తెలియదన్నాడు. పెద్ద చిమ్నీ పెట్టిస్తానన్నాడు.

"అంటే నా ఇంట్ల నేను దొంగ లెక్క బతకాల్నా?" అంది మీనాక్షి. "ఇగో, ఇను. కిరాయింట్ల గుహల ఉన్నం, ఏమన్లే. ఎవలింట్లనో ఉన్నమని ఊకున్న. గిది మనిల్లు. ఆ కిటికీ మూస్తే నేను ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్య. చెప్తున్న."

ఆమె మొహం చూసి దశరథ తగ్గాడు. "సరే తియ్, నీ ఇష్టం" అన్నాడు.

మీనాక్షి నమ్మింది. అంత తొందరగా ఒప్పుకున్న మొగుణ్ణి, కాపురం చేసి చేసి పండిపోయిన ఆడది నమ్మొచ్చా? నమ్మింది. కిటికీ మీద ఆశ అలాంటిది.

మర్నాడే నిఖితకి కబురు పెట్టారు. నిఖిత వాళ్ల అమ్మానాన్నలది వరంగల్ దిక్కు, పిల్ల మాత్రం సూరత్‌లోనే పుట్టింది, ఇక్కడే ఇంటీరియర్ డిజైన్ చదివింది. వంటిళ్లు, భోజనాల గదులు చేయించడమే దాని పని. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ ఒకే వాక్యంలో దొర్లించేస్తుంది. కొత్త ఫ్లాటు కొలతలు తీసుకుని పోతుందనుకుంటే, లింబాయత్ ఇంటికే వచ్చి వంటగది గడప మీద చతికిలబడింది.

"డ్రాయింగ్ తర్వాత ఆంటీ. ముందు మీరు వంట చేయండి, నేను చూస్తా."

"చూసుడేంది, సినిమానా?" అని నవ్వింది మీనాక్షి. కానీ చేసింది. పప్పు, వంకాయ కూర, జొన్న రొట్టెలు. నిఖిత కన్నార్పకుండా చూసింది. అడుగునున్న గిన్నె కోసం వంగి, పైనున్న డబ్బా కోసం మునివేళ్ల మీద లేచి, నీళ్ల కోసం అటు తిరిగి, ఉప్పు కోసం ఇటు తిరిగి, ఈమె వంట చేస్తోందా కసరత్తు చేస్తోందా అనిపించింది ఆ పిల్లకి. రొట్టె కొట్టడానికి మీనాక్షి నేల మీద పీట వేసుకుని కూర్చుంది. కూర్చుంది సరే, కాల్చడానికి ప్రతి రొట్టెకీ లేవాలి. మోకాలు పట్టుకుని లేవడం, మళ్లీ మోకాలు పట్టుకుని కూలబడటం.

"నిలబడి కొట్టొచ్చుగా ఆంటీ?"

"గట్టు ఎత్తుంటది బిడ్డా. చేతుల బలం రాదు. జొన్న రొట్టె అంటే చపాతీ లెక్క కర్రతోటి రుద్దుడు కాదు. అరచెయ్యితోటి కొట్టాలె. భుజంల నుంచి రావాలె దెబ్బ."

నిఖిత టేపు తీసి ఆమె మోచేతి నుంచి నేల దాకా కొలిచింది. తర్వాత అరచెయ్యి చాపమని మళ్లీ కొలిచింది. ఇన్నేళ్లలో చీర జాకెట్టు కోసం దర్జీ తప్ప తనని ఎవరూ కొలవలేదు. వంటింటిని తన ఒంటికి సరిపడా కుట్టిస్తారన్న ఊహే మీనాక్షికి గమ్మత్తుగా అనిపించింది.

వారం తిరక్కుండా నిఖిత ట్యాబ్‌లో బొమ్మ తెచ్చి చూపించింది. మీనాక్షి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది. తూర్పు గోడకి పొయ్యి. దాని పక్కనే, సరిగ్గా కిటికీ కింద, మిగతా గట్టు కంటే కిందికి దించిన నల్ల రాతి పలక.

"ఇది మీ రొట్టెల గట్టు. నిలబడి కొట్టండి, బలం సరిగ్గా వస్తుంది. కొట్టిన రొట్టె పక్కనే పెనం మీద. గిన్నెలన్నీ పొయ్యి కింద సొరుగుల్లో. లాగితే అడుగున ఉన్నది కూడా మీ ముందుకొస్తుంది, వంగి గుహలోకి తల పెట్టక్కర్లేదు." ఆ పిల్ల వేలితో బొమ్మని తిప్పింది. వంటింటికీ హాలుకీ మధ్య గోడ సగానికి తగ్గిపోయింది, ఆ సగం గోడకి ఆనుకుని భోజనాల బల్ల. బల్ల మీదకి పై నుంచి రెండు ఇత్తడి దీపాలు దిగాయి. "రొట్టె కాల్చి చెయ్యి చాపితే బల్ల. ఈ చివరి కుర్చీ మీది. లేవడం, తిరగడం లేదు. అందరితో పాటే మీరూ తినొచ్చు."

తలుపుల రంగు దగ్గర దశరథ అడ్డం పడ్డాడు. తెల్లగా తళతళలాడాలి, మా మేనేజరు ఇంట్లో అలాగే ఉంది అన్నాడు. "పసుపు చెయ్యి పడితే పోదు అంకుల్, ఆంటీ జీవితాంతం తుడుస్తూ ఉండాలి" అంది నిఖిత మొహమాటం లేకుండా. చివరికి పైన తెలుపు, కింద మామిడాకు రంగు ఖాయమయ్యాయి. ఆ రంగు పక్కన నల్ల రాయి, ఆ రాయి మీద కిటికీలోంచి ఎండ. బొమ్మలోనే అంత అందంగా ఉంటే, ఇక ఇంట్లోనో! మీనాక్షి ఆ రాత్రి పడుకునే ముందు కూడా ఆ బొమ్మే తలుచుకుంది.

పని మొదలయ్యాక రెండు మూడుసార్లు పోయి చూసొచ్చింది. తర్వాత దశరథ పోనివ్వలేదు. చెక్క పొట్టు ఎగురుతోంది, నీకసలే ఆయాసం, పాలు పొంగిచ్చే నాడే చూద్దువు గాని, మస్తు సంబరపడతవు అన్నాడు. భార్య ఆయాసం మీద ఇంత దయ ఎప్పుడు పుట్టిందో ఆమె ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

గృహప్రవేశం నాడు ఇల్లంతా జనం. లింబాయత్ నుంచి ఆడబిడ్డ, ఆమె వాళ్లు, పాత ఇరుగుపొరుగు. మెట్ల దగ్గర మామిడి తోరణం చూసి సొసైటీ వాళ్లు కూడా వచ్చారు. సెక్రటరీ జయంతిభాయి తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా సోఫా అంచున కూర్చున్నాడు. ఎదురు ఫ్లాటు హంసాబెన్ కొబ్బరికాయ, మిఠాయి పట్టుకొచ్చి నర్సవ్వ పక్కన చేరింది. కొడుకు ముందే పాఠం చెప్పి పెట్టాడు కాబట్టి ముసలామె బిగదీసుకుని ఉంది.

"మీ ఇళ్లలో ఏ కూర బాగా చేస్తారు మాజీ?" అని మర్యాదకి హిందీలో అడిగింది హంసాబెన్.

నర్సవ్వ కళ్లు మూసుకుని చాలాసేపు వెతికింది. "కరేలా" అంది చివరికి. కాకరకాయ పేరెత్తితే ఆమడ దూరం పారిపోయే మనిషి! ఆ మాట అన్నాక ఆమె మొహం నిజంగానే చేదు తిన్నట్టయింది.

పూజ అయ్యింది. పంతులు మీనాక్షి చేతికి కొత్త పాలగిన్నె ఇచ్చాడు. "అమ్మా, వంటింట్లోకి పదండి. తూర్పు ముఖంగా నిలబడి పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి. ముహూర్తం దగ్గర పడుతోంది."

పాలగిన్నె పట్టుకుని, పట్టుచీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, మీనాక్షి తన వంటింట్లో కుడికాలు పెట్టింది. వెనకే ఆడవాళ్లంతా.

మామిడాకు రంగు తలుపులున్నాయి. సొరుగులున్నాయి. సగం గోడ, బల్ల, ఇత్తడి దీపాలు అన్నీ ఉన్నాయి. కిటికీ లేదు. కిటికీ ఉన్న చోట నేల నుంచి పైకప్పు దాకా తెల్లటి అల్మారా, తళతళలాడుతూ. దాని కింద ఉండాల్సిన నల్ల రాతి పలక లేదు. రొట్టెల గట్టూ లేదు, వెలుగూ లేదు. పొద్దున పూట వంటింట్లో ట్యూబులైటు వెలుగుతోంది.

మీనాక్షికి ఏడుపు గొంతు దాకా వచ్చింది. కొత్తిల్లని ఆశపడి వచ్చినందుకు, మొగుడి మాట నమ్మినందుకు, ఇంతమందిలో తనని వెర్రిదాన్ని చేసినందుకు వచ్చిన ఏడుపు అది. ఆమె దాన్ని మింగేసింది. మింగాక మిగిలింది కోపమే.

తలుపు దగ్గర నిఖిత బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. "అంకుల్ ఫోన్ చేసి మీరే మనసు మార్చుకున్నారని చెప్పారు ఆంటీ. నేను మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. తప్పు నాదే" అంది చిన్నగా.

దశరథ గుంపు వెనక నుంచి చేతులు జోడించినట్టు సైగ చేశాడు. ఇప్పుడొద్దు, తర్వాత మాట్లాడదాం అని. మొగుళ్ల దగ్గర ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు, అది వేరే సంగతి.

"అమ్మా, తూర్పుకు తిరగండి" అన్నాడు పంతులు.

"తూర్పు ఏ దిక్కున్నది పంతులుగారూ?" అంది మీనాక్షి.

పంతులు తెల్ల అల్మారా వైపు చెయ్యి చూపించాడు.

"అది అల్మారా. నేను అడిగింది తూర్పు."

మీనాక్షి పాలగిన్నెని పొయ్యి మీద పెట్టలేదు. సగం గోడ దాటి వచ్చి, భోజనాల బల్ల మీద ఠప్పున పెట్టి, చివరి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ అల్మారా తీస్తేనే పాలు పొంగుతయ్. లేకుంటే పొంగయ్. ఎంతసేపైనా సరే, నేను గిట్లనే కూసుంట."

"మీనాక్షీ!" అన్నాడు దశరథ. "జర సోయి ఉన్నదా? అందరు చూస్తున్నరు."

"చూడనీ. చూడాల్ననే కదా గింత మందిని పిలిచినవు!"

ఆడబిడ్డ వచ్చి చెవిలో బతిమాలింది, వదినా, శుభమా అని ఏందే ఇది అని. పంతులు గడియారం చూసుకున్నాడు. హాల్లోంచి జయంతిభాయి లేచి వచ్చాడు. ఇలాంటి చోట్ల పెద్దరికం చెయ్యడం ఆయనకి అలవాటు. ఏమిటి ఇబ్బంది బెన్, ఎందుకు పూజ ఆగింది అని హిందీలో మర్యాదగానే అడిగాడు. "ఏం లేదు సాబ్, చిన్న విషయం" అని దశరథ అడ్డుపడబోయాడు.

మీనాక్షి లేచి నిలబడింది. ఆమె హిందీ లింబాయత్ కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్న హిందీ. వ్యాకరణం అటూ ఇటూ అయినా, ధాటికి ఏం తక్కువ లేదు. "విషయం చిన్నది కాదు భాయీ. ఇక్కడ కిటికీ ఉండేది. మా ఆయన మూయించిండు. ఎందుకంటే మా ఇంట్ల చేపలు వండుతం. చికెన్ వండుతం. ఎండురొయ్యలు వండుతం. అసలు వండనే వండం అని మీతోటి ఆయన చెప్పిండు. వండుతమని నేను చెప్తున్న."

దశరథ గబగబా జయంతిభాయి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మజాక్ చేస్తోంది సాబ్" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మజాకా?" అని మొగుడి వైపు తిరిగింది మీనాక్షి. కోపంలో తెలుగులోకి దిగిపోయింది. "మొన్న ఐతారం చెల్లె ఇంట్ల బొచ్చె చేప తలకాయ నాకే కావాల్నని మేనల్లునితోటి కొట్లాడింది ఎవలు? పులుసు గిన్నె వేలుపెట్టి నాకింది ఎవలు?"

లింబాయత్ జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. పంతులు కూడా ఉత్తరీయంతో మూతి కప్పుకున్నాడు. ఏమంది, ఏమంది అని జయంతిభాయి అటూ ఇటూ చూశాడు. నిఖిత ముందుకొచ్చింది. తను చేసిన తప్పు దిద్దుకోవడానికి అంత కన్నా మంచి దారి దొరకదనుకుందేమో, తలకాయ సంగతీ పులుసు గిన్నె సంగతీ ఒక్క ముక్క వదలకుండా చక్కటి గుజరాతీలో చెప్పేసింది.

జయంతిభాయి నవ్వలేదు. "దశరథ్‌భాయీ, మీరు నాతో వేరేగా చెప్పారు" అన్నాడు. తర్వాత మీనాక్షితో, "బెన్, మా సొసైటీలో ఇవి నడవవు. అందరికీ తెలిసిన రివాజు ఇది."

"ఏ కాయితంల ఉన్నది?"

"కాయితం కాదు బెన్, ఒక సమజ్, అందరి మధ్యా ఒప్పందం."

"ఆ సమజ్ నాతోటి ఎవలూ చెయ్యలే" అంది మీనాక్షి. "ఇను భాయీ. ముళ్లు, పొట్టు మీ తోటల వెయ్య. మెట్ల మీద చుక్క నీళ్లు కార్చ. చిమ్నీ పెట్టిచ్చుకున్న, అది నడిపిస్త. మీ ఇంట్ల పొద్దుగాల ఇంగువ తాలింపు వేస్తే ఇల్లు చూడనొచ్చిన నాడే నాకు ముక్కులు అదిరినయ్. కిటికీ మూసుకొమ్మని మిమ్ముల నేను అడిగిన్నా? మీ తిండి మీరు వెలుగుల వండుకుంటరు. నా తిండి నేను చీకట్ల వండుకోవాల్నా? వండుకోను. ఇన్నేండ్లు వండిన. ఇగ వండుకోను."

జయంతిభాయి సొసైటీ మీటింగు పెడతాం అన్నాడు. పెట్టండి, వస్త అంది. ఆయన చొక్కా సర్దుకుని ప్రసాదం ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆయన వెంట ఇంకో రెండు మూడు కుటుంబాలు చెప్పులు వేసుకున్నాయి. దశరథ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు.

హంసాబెన్ మాత్రం కదల్లేదు. మీనాక్షి ఆమె వైపు చూసింది, నువ్వూ ఏదన్నా అను అన్నట్టు. ఆమె అంది. "నాకు ఆ వాసన అస్సలు పడదు. నువ్వు వండినప్పుడు నా కిటికీ నేను మూసుకుంటా. నీది నువ్వు తెరుచుకో. నీ ఇల్లు అది." అని నర్సవ్వ వైపు తిరిగింది. "మరి మాజీ, కరేలా?"

"థూ" అంది నర్సవ్వ. అది ఏ భాషలోనైనా అర్థమయ్యే మాట. ముసలామె కర్ర పట్టుకుని లేచి కొడుకు ముందుకి వచ్చింది. "నీ అయ్య గా లూములల్ల పని చేసుకుంట గూడ ఎవనికీ తల వంచలేదురా. నువ్వు ఇల్లు కొన్నవు, సంబురమే. నాతోటి గీ వయసుల అబద్ధమెందుకు ఆడిపిచ్చినవు బిడ్డా?"

దశరథ భార్య దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకి వినపడకుండా, "నా ఇజ్జత్ తీసినవు" అన్నాడు.

"నేను తియ్యలే. నువ్వు దాన్ని అబద్ధం మీద నిలబెట్టినవు, పడ్డది" అంది మీనాక్షి, అందరికీ వినపడేలా. "నేను అడిగింది బంగారమా? పట్టుచీరలా? వంట చేసేటప్పుడు బయట ఏమైతుందో కనబడాలె అన్న. గంతే కదయ్యా! గా ఒక్కటి కూడా నువ్వు నాకు మిగల్నియ్యలే." అంత ధాటిగా మాట్లాడిన మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది.

దశరథ ఆమె వీపు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏడవడం ఆయన చాలాసార్లు చూశాడు. తాలింపు ఘాటని ఆమె అంటే నమ్మేవాడు. ఇప్పుడు పొయ్యి మీద ఏమీ లేదు.

నిఖిత అప్పటికే వడ్రంగి మిస్త్రీని పిలిచింది. భోజనానికని వచ్చినవాడు హాల్లోంచి లేచి, స్కూటర్ డిక్కీలోంచి పనిముట్లు తెచ్చుకున్నాడు. స్క్రూలు ఊడదీశాడు. కానీ అల్మారా మొత్తం కదిలేసరికి ఒక్కడి వల్ల కాలేదు, అది ముందుకు ఒరిగింది. అందరూ "అయ్యో" అనేలోపు దశరథ చేతులు చాచి పట్టుకున్నాడు. పట్టుబట్టలతోనే, చెమట్లు కక్కుతూ, మిస్త్రీతో కలిసి దాన్ని పక్కకి జరిపాడు. వెనక గోడ పెచ్చులు పెచ్చులుగా ఉంది, మధ్యలో దుమ్ము కొట్టుకుపోయిన అద్దాలతో కిటికీ. మీనాక్షి కొంగు నడుముకి చుట్టుకుని వచ్చి గడియ తీసింది. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో గుద్దింది. తెరుచుకుంది.

ఎండ లోపలికి దూకింది. ట్యూబులైటు ఉందో లేదో కూడా తెలియలేదు ఇక.

"అమ్మా, ముహూర్తం దాటిపోయింది. ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది" అని గొణిగాడు పంతులు.

"మీరు మంత్రాలు చదవండి పంతులుగారూ. ఘడియ సంగతి నేను చూసుకుంట." మీనాక్షి పాలగిన్నె తెచ్చి పొయ్యి మీద పెట్టింది. తూర్పుకి తిరిగి, నిజం తూర్పుకి తిరిగి, పొయ్యి వెలిగించింది.

కిటికీలోంచి గాలి రివ్వున కొట్టింది. మంట ఒక పక్కకి వాలిపోయింది. దశరథ అలవాటు కొద్దీ కిటికీ రెక్క మూయడానికి చెయ్యి చాపి, సగంలో ఆపేసుకున్నాడు. మంట వంక చూశాడు. రెక్కని అలాగే వదిలేసి, వెళ్లి కిటికీకి వీపు ఆనించి గాలికి అడ్డంగా నిలబడ్డాడు. మంట నిటారుగా లేచింది.

మొగుడూ పెళ్లాల మధ్య పొయ్యి, పొయ్యి మీద పాలు.

"ఐతారం బొచ్చెలు తెస్త" అన్నాడు దశరథ, పెదాలు కదిలీ కదలకుండా.

"ఏమన్నవు? నాకు ఇనవడలే."

"చేపలు తెస్త అన్న."

"నాకు చెప్పుడు కాదు." గిన్నె అంచు దాకా వచ్చిన పాల మీద నుంచి కళ్లు తిప్పకుండా అంది మీనాక్షి. "అబద్ధం పోయి పోయి బయట చెప్పొచ్చినవు కదా. అటు తిరిగి చెప్పు."

కింద తోటలో బెంచీ మీద జయంతిభాయి, ఆయన చుట్టూ ఐదారుగురు, తలలన్నీ ఈ కిటికీ వైపే ఎత్తి ఉన్నాయి. దశరథ ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి భార్యని చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. రెండు చేతులూ చట్రం మీద ఆనించి, గొంతు సవరించుకున్నాడు.

"జయంతిభాయ్! ఈ ఆదివారం మా ఇంట్లో చేపల కూర!"

పాలు పొంగి పొయ్యి మీదికి పొర్లాయి.